ఎనిమిదడుగుల బుగ్గ మీద దిష్టి చుక్క

ఫొటో ఎడిటింగ్ నేర్చుకుంటున్న పిల్లలెవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట చెబుతాను. పెద్దవాళ్ల ముఖం మీద మచ్చ కనిపిస్తే నిరభ్యంతరంగా తీసేయండి, లోపల్లోపల సంతోషిస్తారు. పసిపిల్లల బుగ్గ మీద నల్లగా ఏదైనా కనిపిస్తే మాత్రం మౌసు మీంచి చెయ్యి తీసి, లేచి వెళ్లి మంచినీళ్లు తాగి రండి. వచ్చాక ఆ ఇంటి నాయనమ్మకు ఫోన్ చేసి అడగండి. నేను అడగలేదు. దాని ఫలితాన్ని ఒక ఆదివారం ఫంక్షన్ హాలు నిండా జనం కళ్లారా చూశారు.

కొత్తగూడ చౌరస్తా దగ్గర ఒక ఫొటో ల్యాబులో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఫ్లైఓవర్ వచ్చాక మా బోర్డు రోడ్డు మీద నుంచి సగమే కనిపించేది. అయినా జనం ఎలాగో కనుక్కుని వచ్చేవాళ్లు. నేను మియాపూర్ నుంచి బస్సులో వచ్చి, ఏసీ గాలి నేరుగా మెడ మీద కొట్టే కుర్చీలో కూర్చుని, రోజంతా ఇతరుల పెళ్లిళ్లు, సీమంతాలు, పుట్టినరోజులు చూసేదాన్ని. నా పని రంగులు సరిచేయడం.

ఫొటోగ్రాఫర్లు కెమెరాలోంచి నేరుగా తెచ్చే ఫైళ్లను రా ఫైళ్లంటారు. కెమెరా చూసిందంతా అందులో ఉంటుంది కానీ, అదింకా వండని కూర. రంగులు వెలవెలబోతూ, ముఖాలు జ్వరం పడి లేచినట్టుంటాయి. మేం వాటికి వెలుగూ రంగూ సరిచేసి, ఏ పనికి ఎంత సైజు కావాలో అంత సైజులో కాపీలు తీస్తాం. ఆల్బమ్‌కి ఒకటి, స్టేజీ బ్యానర్‌కి ఒకటి, ఫోన్లో చూపించడానికి చిన్నది ఒకటి. అసలు రా ఫైలును మాత్రం ముట్టుకోకుండా దాచిపెడతాం. ఈ కథకు ఇంత సాంకేతిక పరిజ్ఞానం చాలు.

మా ల్యాబులో ముఖ్యంగా ముగ్గురం. నేను, ప్రింటింగ్ మెషీన్ నడిపే ఆపరేటరు, మేనేజరు. మేనేజరు మా ఓనరు గారి అల్లుడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వదిలేసి మామగారి వ్యాపారంలోకి వచ్చాడు. మంచి కుర్రాడే కానీ, అతను కంపెనీని వదిలినా కంపెనీ అతన్ని వదల్లేదు. రోజూ పొద్దున్నే మమ్మల్నిద్దరినీ నిలబెట్టి మీటింగు పెట్టేవాడు. కూర్చుంటే మీటింగు సాగుతుందట, అందుకని నిలబడాలి. నిన్న ఏం చేశారు, ఈరోజు ఏం చేస్తారు, ఏమైనా అడ్డంకులున్నాయా అని వరసగా అడిగేవాడు. నాకు మోకాళ్ల నొప్పులు, అదే పెద్ద అడ్డంకి, చెబితే నవ్వేవాడు. ఆపరేటరు మాత్రం ప్రతిరోజూ ఒకటే జవాబు చెప్పేవాడు.

"అడ్డంకులేమైనా ఉన్నాయా?"

"చాయ్ ఇంక రాలే సార్."

కస్టమరు ఏదైనా ఫిర్యాదు చేస్తే మేనేజరు దాన్ని కంప్యూటర్లో టికెట్‌గా తెరిచేవాడు. పని అయిపోతే మూసేవాడు. కస్టమరు మళ్లీ వస్తే అదే టికెట్ మళ్లీ తెరుచుకునేది. అంతకుముందు మేం ఫిర్యాదుల్ని మర్చిపోవడం అనే సులువైన పద్ధతి పాటించేవాళ్లం.

ఒక సోమవారం మాకొక ఆర్డరు వచ్చింది. బాబుకి మొదటి పుట్టినరోజు. తల్లీ తండ్రీ ఇద్దరూ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. తండ్రి వాళ్లది కొత్తగూడే, ఇక్కడ పొలాలున్న రోజుల నుంచీ ఇక్కడే ఉన్న కుటుంబం. తల్లిది కాకినాడ వైపు. వాళ్లకు కావాల్సినవి స్టేజీ వెనక పెట్టడానికి ఎనిమిదడుగుల బ్యానర్, వచ్చినవాళ్లకు ఇవ్వడానికి బాబు ముఖంతో అరచేయంత గుండ్రటి ఫ్రిజ్ మాగ్నెట్లు. ఆల్బమ్ తర్వాత. ఫొటోగ్రాఫర్ వాళ్లింటికే వెళ్లి తీసిన రా ఫైళ్లు తెచ్చిచ్చాడు. తల్లి నుంచి నాకొక మెసేజ్ వచ్చింది: "బాబు ముఖం మీద మచ్చలన్నీ తీసేసి నీట్‌గా చేయండి మేడమ్."

ఫైలు తెరిచాను. ముద్దొచ్చే పిల్లాడు, నోట్లో రెండే పళ్లు, ఎడమ బుగ్గ మీద కాటుకతో ఇంత దిష్టి చుక్క. వాడు చేత్తో రాసుకున్నట్టున్నాడు, అది సగం చెరిగి చెవి దాకా పాకింది. నేను రంగులు సరిచేసి, చుక్కను శుభ్రంగా తీసేసి, చిన్న సైజు కాపీ వాళ్లకు పంపించి, ఈరోజుకి ఒక మంచి పని చేశానని టీ తాగాను. ఆ కాపీ వాళ్ల కుటుంబ వాట్సాప్ గ్రూపులో పడింది.

మర్నాడు మధ్యాహ్నం ల్యాబు ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి అరవై దాటిన ఒక పెద్దావిడ చంకలో పిల్లాడితో దిగింది. ఫొటోలో వాడే. బుగ్గ మీద తాజా చుక్క. ఆవిడ కౌంటరు దగ్గరికి వచ్చి మా ముగ్గుర్నీ ఒకసారి పరికించింది.

"ఎవలు? నా మనుమని సుక్క తుడిసింది ఎవలు?"

మేనేజరు వెంటనే కీబోర్డు మీద ఏదో టైపు చేయడం మొదలుపెట్టాడు. ఆపరేటరు మెషీన్ వెనక్కి వెళ్లిపోయాడు. మిగిలింది నేను.

"నేనేనమ్మా."

"ఆడిదానివై ఉండి తుడిసినవా!" అని ఆవిడ కౌంటరు మీద పిల్లాడిని కూర్చోబెట్టింది. "పొద్దుగాల లేవంగనే పోరనికి తానం వోసి, సాంబ్రాణి వొగ ఏసి, సుక్క వెట్టి, గప్పుడు పాలు తాపిస్త. ఏడాది సంది ఒక్కనాడు తప్పలే. మీరు కంప్యూటర్ ముంగట కూసోని ఒక్క గీకుల తీసేస్తిరి."

అప్పుడు నేను మంచిదాన్ని అనిపించుకోవాలన్న తొందరలో ఒక మాటన్నాను. "మీ కోడలుగారే తీసెయ్యమని రాశారమ్మా."

ఆవిడ ఒక్కసారిగా చల్లబడిపోయింది. అరిచినంతసేపూ నాకు భయం వేయలేదు, అలా చల్లబడేసరికి వేసింది.

"గట్లనా," అంది మెల్లగా. "నాతోని ఒక్క మాట అనకపాయె. మంచిది. ఐతారం దావత్ అయినంక నేను జీడిమెట్ల పోత. నా బిడ్డ ఉన్నదాడ. స్టేజి గూడ ఎక్క. ఈ పోరన్ని సోమారం సంది ఎవలు సూస్తరో ఆల్లే సూసుకోనీ."

ఆ ఇంట్లో పొద్దున్నే ఇద్దరూ క్యాబులెక్కి వెళ్లిపోతే, పిల్లాడికి అమ్మైనా అన్నమైనా ఈవిడే. నేను ఒక చుక్క తుడిచి ఒక సంసారాన్ని కదిలించానని అర్థమైంది. అదే సమయానికి పిల్లాడు నా మౌసు వైరు నోట్లో పెట్టుకున్నాడు.

ఆవిణ్ని ఎలాగైనా శాంతింపజేయాలని, "చుక్క ఎక్కడికీ పోలేదమ్మా, అసలు ఫైల్లో భద్రంగా ఉంది, చూడండి," అంటూ రా ఫైలు తెరిచాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. తెర నిండా వెలవెలబోయిన పిల్లాడు, పాలిపోయిన పెదాలు, నీరసమైన చొక్కా.

"అయ్యో నా కొడుకా!" అని ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. "గిట్ల వాడిపోయిండేంది? సుక్క ఉన్నా గూడ తగిలింది! ఎవని కండ్లు పడ్డయో!" ఒక్క క్షణం ఆలోచించి తేల్చేసింది. "గా పొటోలు తీసినోడే. పొద్దంత ఒక కన్ను మూసి, ఇంకో కన్నుతోని పోరన్నే సూసిండు. నాకు గప్పుడే అనుమానమొచ్చింది."

ఫొటోగ్రాఫర్లందరూ అలాగే చూస్తారని చెప్పి లాభం లేదు. నేను గబగబా వెలుగు పెంచి, రంగులో నీలం తగ్గించి పసుపు కలిపాను. పిల్లాడు తెర మీద ఒక్కసారిగా బంగారంలా మెరిశాడు. ఆవిడ నోరు తెరిచి నన్ను చూసింది.

"ఏం జేసినవే చెల్లే? దిష్టి తీసినవా?"

"రంగు సరిచేశానమ్మా."

"గదే. దిష్టి తీసినవు." ఇక నా మాట వినిపించుకోలేదు. చీర కొంగు ముడి విప్పి తన ఫోన్ తీసింది. "జర నాది గూడ తియ్యి. ఆధార్ కార్డుల పొటో మస్తు దిష్టి కొట్టింది."

ఆ రోజు నేను ఆవిడకు, ఆవిడ కూతురికి, వాళ్ల వాచ్‌మన్ కుటుంబానికి కూడా దిష్టి తీశాను. నా మీద కోపం పోయింది. కోడలి మీద మాత్రం పోలేదు. చుక్క లేకపోతే స్టేజీ ఎక్కనని మళ్లీ చెప్పి ఆటో ఎక్కింది.

మేనేజరు కీబోర్డు ఆపి ఒక టికెట్ తెరిచాడు. విషయం: దిష్టి చుక్క కనబడుటలేదు. ప్రాధాన్యం: అత్యవసరం.

సాయంత్రం పిల్లాడి తండ్రి ఫోన్ చేశాడు. ఆఫీసులో ఏదో మీటింగులోంచి లేచి వచ్చినట్టున్నాడు, గుసగుసగా మాట్లాడాడు. "మేడమ్, ఇంట్ల ఇద్దరూ మాట్లాడుకుంటలేరు. ఇద్దరూ నాతోనే మాట్లాడుతున్నరు. పరేషాన్ అయితున్న. నాకొక ఐడియా వచ్చింది. చుక్కను యాభై శాతం లేతగా పెడితే? అమ్మకేమో కనవడతది, ఆమెకు అంతగా కనవడది."

ఇంజనీర్లు ఎంత అమాయకులో నాకు ఆ రోజే తెలిసింది. చెప్పినట్టే సగం చుక్క పెట్టి పంపాను. తల్లి నుంచి జవాబు: "మేడమ్, దోమ కుట్టినట్టుందండీ." నాయనమ్మ నుంచి వాయిస్ మెసేజ్: "చెల్లే, పోరని బుగ్గ మీద బూజు పట్టినట్టున్నది, జర తుడువు." ఇద్దరూ మొదటిసారి ఒక విషయంలో ఏకాభిప్రాయానికి వచ్చారు. మేనేజరు మూసిన టికెట్ మళ్లీ తెరుచుకుంది.

తర్వాత తండ్రి ఇంకో ఉపాయం చెప్పాడు. బ్యానర్ మీద వద్దు, ఆల్బమ్‌లో పెడదాం. దీనికి నాయనమ్మ ఎదురు ప్రశ్న వేసింది. "ఆల్బం ఇంట్ల బీరువల ఉంటది. దాన్ని ఎవలు సూస్తరు? అందరి కండ్లు పడేటిది బ్యానర్ మీదనే గద? దిష్టి ఏడ తగులతదో ఆడ సుక్క లేకపోతె ఎట్ల?" న్యాయంగా ఆలోచిస్తే బ్యానర్‌కే పెద్ద చుక్క కావాలి.

గురువారం నేనే ఆ తల్లికి ఫోన్ చేశాను. మధ్యాహ్నం భోజనం వేళ. క్యాంటీన్ చప్పుడు వినిపిస్తోంది. నాకేమో ఆ అమ్మాయి మీద కొంచెం కోపంగానే ఉంది. ఒక చుక్క కోసం ఇంత పట్టుదలా అని.

"నాకేం పట్టుదల లేదండీ," అంది. "ఆఫీసువాళ్లు వస్తారు, ఫొటో నీట్‌గా ఉండాలనుకున్నాను, అంతే. అత్తయ్య గారిని బాధపెట్టాలని కాదు." క్యాంటీన్ చప్పుడు దూరమైంది, బయటికి నడిచినట్టుంది. తర్వాత తనే అంది. "నిజం చెప్పాలంటే మేడమ్, వాడికి స్నానం చేయించి ఆ చుక్క పెట్టేటప్పటికి నేను క్యాబులో ఉంటాను. ఏడాదిలో ఒక్కసారి కూడా నా చేత్తో పెట్టలేదండీ. ఫొటోలో దాన్ని చూస్తే అదే గుర్తొస్తుంది. ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పకండీ, ప్లీజ్."

నా కోపం ఎటుపోయిందో తెలియదు. ఆ పిల్ల మీద జాలేసింది. చుక్క గుండ్రంగా, ముద్దుగా ఉండేలా నేనే కొత్తది వేసిపెడతాను, ఆ చెరిగిపోయినది వద్దు అన్నాను. "సరేనండీ, అలా అయితే పెట్టండి," అంది. నాయనమ్మకు చెబితే, "సుక్క ఉంటే సాలు, గుండ్రంగుంటే ఇంక మంచిదే," అంది. కానీ బ్యానర్ కళ్లతో చూశాకే జీడిమెట్ల సంగతి తేలుస్తానంది.

నేను ఆ చుక్కను ఎంత ప్రేమగా వేశానో చెప్పలేను. ఫోన్‌కి పంపే చిన్న కాపీ మీద వేశాను, పంపి చూపించడానికి అదే సులువని. అంచులు కొంచెం మెత్తగా, మధ్యలో కాటుక నలుపు. పంపాను. రెండు వైపుల నుంచీ బొటనవేలు బొమ్మలు వచ్చాయి. మేనేజరు ఆనందంతో లేచి నిలబడి, "మేడమ్, ఇదే చుక్కను అన్ని ఫైళ్లకీ ఒకేసారి పడేలా ఒక చిన్న ప్రోగ్రామ్ రాస్తాను. మీరు మళ్లీ మళ్లీ వేయక్కర్లేదు," అన్నాడు. నాకూ మోకాళ్ల నొప్పులు, బస్సు టైమవుతోంది. సరే అన్నాను. అతను మీట నొక్కాడు, టికెట్ మూశాడు, ముగ్గురం సమోసాలు తిన్నాం.

ఏం జరిగిందో చెబుతాను. ఫొటో అంటే గళ్ల కాగితం లాంటిది. చిన్న చిన్న గళ్లు, ఒక్కో గడిలో ఒక్కో రంగు. నేను వేసిన చుక్క వెడల్పు అరవై గళ్లు. నేను చూసిన చిన్న కాపీలో అరవై గళ్లంటే బుగ్గకు సరిపోయే చుక్క. బ్యానర్ ఫైలుకు గళ్లు వేలల్లో ఉంటాయి, దాని మీద అరవై అంటే శనగగింజ. మాగ్నెట్ల ఫైలు మేనేజరు ఇంటర్నెట్‌లో దొరికిన ఒక నమూనాలో చేశాడు, దాని రిజల్యూషన్, అంటే అంగుళానికి పట్టే గళ్లు, మూడు వందలు ఉండాల్సింది డెబ్బై రెండే ఉంది. అంటే ముఖం మొత్తానికి కలిపి నూటయాభై గళ్లు కూడా లేవు. వాటిలో అరవై నల్లగా మారితే ఆ పిల్లాడికి ఏం మిగులుతుందో మీరే లెక్కేసుకోండి. ఈ సంగతి మేనేజరుకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఒకరి తెలివి మీద ఒకరం నమ్మకం పెట్టుకున్నాం.

ఆదివారం పొద్దున బ్యానర్, మాగ్నెట్ల డబ్బాలు తీసుకుని నేనూ మేనేజరూ ఆపరేటరూ ఫంక్షన్ హాలుకు వెళ్లాం. భోజనాల వేళకు కార్యక్రమం. డెకరేషన్ వాళ్లు బ్యానర్ కట్టారు. స్టేజీ అంతా పిల్లాడి ముఖమే. గర్వంగా చూశాను. తర్వాత చుక్క కోసం వెతికాను. దగ్గరికి వెళ్లాను. ఇంకా దగ్గరికి వెళ్లాను. ఆ విశాలమైన బుగ్గ మైదానంలో ఒక మూల ఈగ వాలినట్టు ఏదో ఉంది. ఊదితే ఎగిరిపోతుందేమోనని ఊదాను కూడా. ఎగరలేదు. అదే చుక్క.

వెనక్కి తిరిగేసరికి మేనేజరు మాగ్నెట్ల డబ్బా తెరిచి కొయ్యబారి నిలబడ్డాడు. ఒకటి తీసి చూశాను. పిల్లాడి ఎడమ బుగ్గ, ముక్కులో సగం, ఒక కన్ను నలుపులో మునిగిపోయాయి. మిగిలిన కంటితో, రెండు పళ్లతో వాడు హాయిగా నవ్వుతున్నాడు.

"ప్రింట్ చేసేటప్పుడు నువ్వు చూడలేదా?" అన్నాను ఆపరేటరుతో.

"సూసిన మేడమ్," అన్నాడు నిబ్బరంగా. "ఇంటి ముంగట కట్టే దిష్టిబొమ్మలనుకున్న. ఇయ్యాల రేపు చిన్నయి గూడ చేపిస్తున్నరు గద. మంచిగొచ్చినయని నేనొకటి ఇంటికి గూడ తీస్కపోయిన."

ఆ వేళకే నాయనమ్మ పట్టుచీరలో, చేతిలో కాటుక భరిణెతో హాల్లోకి వచ్చింది. హాలు మధ్యలో నిలబడి బ్యానర్ చూసింది. కళ్లజోడు పెట్టుకుని చూసింది. తీసి చూసింది. వెనక్కి తిరిగి బయటికి నడిచింది. నేను వెనక పరుగెత్తాను.

"అమ్మా, చుక్క ఉందమ్మా, చిన్నగా పడింది."

"ఫికర్ చెయ్యకు చెల్లే," అంది, నా చెయ్యి తట్టి. "నీ తప్పేం లేదు. ఆమెకు ఇష్టం లేదు. నేనెందుకు అడ్డముండాలె?" వెళ్లి కారులో కూర్చుంది. కొడుకు కిటికీ దగ్గర నిలబడి బతిమాలుతున్నాడు. ఆవిడ తలుపు తీయలేదు.

నేను లోపలికి వచ్చి తల్లికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ అమ్మాయి చంకలో పిల్లాడు, ఒంటి మీద కొత్త లెహంగా, కళ్లల్లో నీళ్లు. "నేను ఒప్పుకున్నాను కదండీ! ఆవిడ నమ్మరు. నేనే తీయించానంటారు. సోమవారం నుంచి వీణ్ని ఎక్కడ పెట్టనండీ? అది కూడా కాదు, ఆవిడ లేకపోతే వీడు అన్నమే ముట్టడు." మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె చూపు నా చేతిలో ఉన్న మాగ్నెట్ మీద పడింది. దాచుదామనుకునేలోపే లాక్కుంది.

చూసింది. ముఖంలో ఏ భావమూ లేదు. నేను మా ల్యాబు మూసేసి ఏం పని చేసుకోవాలా అని ఆలోచించడం మొదలుపెట్టాను. అప్పుడు ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. ఆపుకోలేక, పిల్లాడిని నా చేతికిచ్చి, స్టేజీ మెట్ల మీద కూర్చుని మరీ నవ్వింది. "అయ్యయ్యో, మా వాడు సముద్రపు దొంగలా ఉన్నాడండీ!" కాటుక కారి ఆమె బుగ్గ మీద కూడా నల్లగా చారలు పడ్డాయి.

నవ్వు తగ్గాక ఆ మాగ్నెట్‌ను చేతిలో అటూ ఇటూ తిప్పింది. వెనకవైపు నల్లటి రబ్బరు. గుండ్రంగా, అరచేయంత, కాటుక నలుపు. దాన్ని చూసింది, బ్యానర్ చూసింది. చెప్పులు విడిచి, లెహంగా పైకెత్తి కట్టి, డెకరేషన్ వాళ్ల దగ్గర రెండు వైపులా అంటుకునే టేపు అడిగి తీసుకుంది.

"కుర్చీ పట్టుకోండి మేడమ్."

"నువ్వు ఎక్కుతావా? వాళ్ల చేత ఎక్కిద్దామమ్మా."

"వద్దండీ, నేనే."

కుర్చీకి ఒక కాలు మేనేజరు, ఒక కాలు నేను పట్టుకున్నాం. నా చంకలో పిల్లాడు నా కళ్లజోడు లాగుతున్నాడు. అప్పటికే అతిథులు రావడం మొదలైంది. ఆమె ఆఫీసువాళ్లు ఒక గుంపుగా ద్వారం దగ్గర ఆగిపోయారు. ఆ అమ్మాయి అందరి ముందూ కుర్చీ మీద మునివేళ్ల మీద నిలబడి, ఎనిమిదడుగుల కొడుకు బుగ్గ మీద బొమ్మ లోపలికి, నలుపు బయటికి వచ్చేలా మాగ్నెట్ అతికించింది.

హాలు చివరి నుంచి ఒక గొంతు వినిపించింది.

"గంత పైన కాదు. జర కిందికి."

నాయనమ్మ. లోపల కోడలే చుక్క అంటిస్తోందని కొడుకు చెబితే నమ్మక, సంగతేమిటో చూద్దామని వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కోడలు వెనక్కి తిరిగి చూడకుండానే చుక్కను పీకి కొంచెం కిందికి అంటించింది.

"ఇంక జర. చెవు దిక్కు జరుపు. అరె, అంత కాదు!"

"ఇక్కడా అత్తయ్యా?"

"ఆఁ, ఆడ. గట్టిగ ఒత్తు, ఊడిపోతది."

కోడలు అరచేత్తో ఒత్తింది. ఆఫీసువాళ్లలో ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు, ఎందుకో తెలియకుండానే మిగతావాళ్లూ కొట్టారు. మేనేజరు కుర్చీ వదిలేసి చప్పట్లు కొట్టబోతే నేను కసిరాను.

మాగ్నెట్లను దాచేద్దామని మేం బల్ల కిందికి తోసిన డబ్బాలు ఎవరో అప్పటికే తెరిచారు. గంటలో అన్నీ అయిపోయాయి. కొందరు రెండేసి అడిగారు. ఒకాయన నన్ను పక్కకు పిలిచి, వాళ్ల గేటెడ్ కమ్యూనిటీలో అసోసియేషన్ వాళ్లు గుమ్మానికి గుమ్మడికాయ కట్టనివ్వరని, ఫ్రిజ్ మీద అయితే ఎవరూ అడగరని, ఇలాంటివి ఇంకా దొరుకుతాయా అని అడిగాడు. ఆ మాట విని మేనేజరు కళ్లు మెరిశాయి. ఆపరేటరు నా వైపు చూసిన చూపులో, చెప్పిన్నా లేదా అన్న ప్రశ్న స్పష్టంగా ఉంది.

నాయనమ్మ స్టేజీ ఎక్కింది. నా చేతిలోంచి మనవణ్ని తీసుకుంది. కోడలి వైపు తిరిగి కాటుక భరిణె మూత తీసింది. వేలితో ఇంత కాటుక తీసి, గడ్డం పట్టుకుని, దవడ కింద ఒక చుక్క పెట్టింది.

"ఇంతమంది నిన్నే సూస్తున్నరు," అంది. "కుర్చీ ఎక్కినప్పటి సంది."

కోడలు పెదాలు బిగబట్టి తలూపింది. నాకైతే కళ్లు చెమర్చాయి, కళ్లజోడు పిల్లాడి చేతిలో ఉంది కాబట్టి సరిగ్గా కనిపించలేదు కూడా.

నాయనమ్మ భరిణె మూత పెట్టేసి, దాన్ని కోడలి చేతిలో పెట్టింది.

"సోమారం సంది నువ్వు పోకముందే తానం నేను పోస్త. సుక్క నువ్వు వెట్టి పో."

"నాకు సరిగ్గా పెట్టడం రాదు అత్తయ్యా. వంకరగా వస్తుందేమో."

"రానీ," అంది ఆవిడ. "వంకరుంటే ఏమైతది? సాయంత్రం నువ్వు వచ్చేదాంక గట్లనే ఉంచుత."